తీగ కొస

మెట్ల కింది నెట్ పెట్టెలో దీపం పచ్చగానే ఉంది. పైగదిలో కిటికీ పక్క పెట్టెలోనూ పచ్చగానే ఉంది. నెట్‌వాడికి ఒళ్లు మండిపోయింది. చెడితే బాగుచేయవచ్చు. చెడనిదాన్ని ఏం చేయాలి?

వీధుల్లో అందరికీ అతను నెట్‌వాడు. అంతకుముందు కేబులువాడు, దానికీ ముందు యాంటెన్నావాడు. పేరు మారుతూ వచ్చింది గానీ భుజాన నిచ్చెన మాత్రం అదే. ఆ నిచ్చెన మోసీ మోసీ కుడిభుజం కాస్త కిందికి దిగింది, చొక్కా ఎప్పుడూ ఆ పక్కకే జారుతుంది. కళ్లజోడుకి ఒక కాడ విరిగితే ఆ చోట తీగ ముక్క చుట్టుకున్నాడు. "ఊరందరికీ నెట్ ఇస్తావు, మన వంటింట్లోకి మాత్రం రాదు" అని భార్య రోజూ దెప్పుతుంది. ఇవాళ పొద్దున కూడా దెప్పింది.

ఈ ఇంటికి రావడం ఇది మూడోసారి. మొదటిసారి ఫ్రిజ్ వెనక దాచిన పెట్టెను తీసి మెట్ల కింద పెట్టాడు. రెండోసారి తీగలకి కొసలు కత్తిరించి కొత్తవి వేశాడు. రెండుసార్లూ తను వీధి మలుపు తిరిగాడో లేదో నెట్ మళ్లీ పోయింది. ఒకే ఇంటి నుంచి మూడో ఫిర్యాదు వస్తే పనివాడి తప్పుగా లెక్కేసి పనిలోంచి తీసేస్తారు, ఇంటివాళ్ల పొరపాటని తేలితే తప్ప. సూపర్‌వైజరు అతని కొడుకుకన్నా చిన్నవాడు. పొద్దున్నే ఫోన్ చేసి "చూసుకో అన్నా" అన్నాడు. ఆ 'అన్నా'లో మర్యాద ఎంతుందో నెట్‌వాడికి తెలుసు.

"నిన్న మీటింగులో రెండుసార్లు పోయింది. మా ఆఫీసువాళ్లు నన్ను నమ్మడం మానేశారు" అంది ఆ ఇంటి కోడలు. ఆ ఇంట్లో ఉద్యోగం ఆమెదే, అదీ ఈ గదిలోంచే. బల్ల దగ్గర కూర్చున్నప్పుడు లాప్‌టాప్‌కి నీలం తీగ తగిలించుకుంటుంది, మాట తెగకుండా. "మామయ్యా, మీరేమీ ముట్టుకోలేదు కదా?"

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "నాకేం పని అమ్మా."

"ఎవరో ఒకరు ముట్టుకుంటున్నారు. అదెవరో తెలిసిందంటే ఈ గదికి తాళమే."

ముసలాయన కిటికీలోంచి వీధివైపు చూశాడు. ఆ ఇంట్లో వీధి కనిపించేది ఆ ఒక్క కిటికీలోంచే.

ఇంతలో ఆమెకు పైఅధికారి ఫోన్ వచ్చింది. తీగ పీకేసి లాప్‌టాప్ చంకన పెట్టుకుని కిందికి పరుగెత్తింది. నెట్‌వాడు బల్ల కింద చతికిలబడి, నొప్పి పుట్టే మోకాళ్లను తిట్టుకుంటూ తీగలు తడుముతున్నాడు. కుర్చీ కిర్రుమంది. ముసలాయన మెల్లిగా వంగి, నేలమీద పడున్న నీలం తీగ కొసను తీసుకున్నాడు. దాని మీద దుమ్ము ఊదాడు. కిటికీ పక్క పెట్టెలో ఖాళీగా కనబడిన రంధ్రంలో, టక్‌మని చప్పుడయ్యేదాకా నొక్కాడు.

"మళ్లీ పోయింది" అని కింద నుంచి కేక.

నెట్‌వాడు నీలం తీగను చేత్తో తడుముతూ పోయాడు. ఆ తీగ రెండో కొస ఉన్నది కూడా ఆ పెట్టెలోనే. పెట్టెలోంచి బయల్దేరిన నెట్ మళ్లీ అందులోకే వచ్చి గానుగెద్దులా తిరుగుతూ ఇంటినంతా స్తంభింపజేస్తోంది. ఆమె పైకొచ్చి కొస పీకి లాప్‌టాప్‌కి తగిలించుకోగానే అన్నీ సర్దుకుంటాయి. అందుకే తను వచ్చేసరికి అంతా పచ్చగా ఉంటోంది. మూడుసార్లు మెట్లెక్కిన కోపమంతా ఒక్కసారిగా పొంగింది.

"ఏం చేశారు పెద్దాయనా మీరు?"

"ఏం చేశాను నాయనా? తీగ ఊడితే పెట్టాను." ముసలాయన నిజంగానే తెల్లబోయాడు. "ఉద్యోగమంతా టెలిఫోన్ స్తంభాల మీదే గడిచింది. కొస వేలాడుతుంటే నాకు కుదురుండదు."

నెట్‌వాడి కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలిచిపోయింది. అతనికీ కుదురుండదు మరి. ఎవరింటికి వెళ్లినా ముందు చూసేది వేలాడే తీగలనే.

కొస పీకేశాడు. పచ్చదీపం వెలిగింది. పనిముట్ల సంచీ అడుగున ఎప్పుడో పాడైన చిన్న పెట్టె ఒకటుంది, పారేయబుద్ధికాక మోస్తున్నాడు. దాన్ని కుర్చీ పక్కన గోడకు మరలతో బిగించాడు.

"ఊడిన తీగ కనబడితే ఇందులో పెట్టండి. ఆ పెట్టె జోలికి మాత్రం పోకండి."

"ఇది దేనికి నాయనా?"

"దీనికే."

కోడలు పైకొస్తుంటే నెట్‌వాడి ఫోన్ మోగింది. "దొరికిందా? తప్పెవరిది?" అన్నాడు సూపర్‌వైజరు. నెట్‌వాడు కోడలి మొహం చూశాడు, కిటికీ చూశాడు.

"మనదే. నేను వేసిన కొస సరిగ్గా పడలేదు. ఇప్పుడు సరిచేశాను."

"అయితే సాయంత్రం పనిముట్ల సంచీ ఆఫీసులో ఇచ్చెయ్యి అన్నా. నిచ్చెన నీదేగా, ఉంచుకో."

"ముందే చూసుకుంటే ఏం పోయేది?" అని కోడలు విసుక్కుంది. అతను నిచ్చెన భుజానికెత్తుకుని, గోడకు తగలకుండా మెట్లు దిగాడు. వంటింట్లోకి నెట్ రాదని రేపు భార్య దెప్పదు. ఇంకేదో అంటుంది. అదే భయంగా ఉంది.

కోడలు లాప్‌టాప్ తీసుకుని భోజనానికి వెళ్లింది. నీలం తీగ నేలమీద పడింది. ముసలాయన వంగి కొస తీసి, దుమ్ము ఊది, గోడమీది పెట్టెలో టక్‌మని పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. కింద ఎవరూ కేక వేయలేదు. ఏ దీపమూ వెలగని ఆ చిన్న పెట్టె, తీగను గట్టిగా పట్టుకుని గోడకు అలాగే ఉంది.