పురిటి తలగడ కింద

నేను ఒక అడకత్తెరను. మండపేట దగ్గర ఒక కమ్మరి కొలిమిలో పుట్టాను. నన్ను కొన్న బుచ్చెమ్మగారు పళ్లూడేదాకా నాతో వక్కలు కత్తిరించుకుంది. ఆ తర్వాత నాకు ఇంకో ఉద్యోగం మిగిలింది. ఇంట్లో ఎవరికి పురుడు వచ్చినా తలగడ కింద నన్ను పెట్టేవారు. ఇనుముంటే దయ్యాలు రావట. నేను ఏ దయ్యాన్నీ చూడలేదు. అయినా కాపలాదారునని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

బుచ్చెమ్మగారి పెద్దకూతురు శేషారత్నం కాన్పయిన పదకొండో రోజున పొత్తిళ్లలో బిడ్డను వదిలేసి ప్రాణం తీసుకుంది. ఆ ఉదయం నేను మంచం కింద పడి ఉన్నాను. ఇనుము జారిపోయింది కాబట్టే దయ్యం లోపలికి వచ్చిందని పెద్దలు తేల్చారు. పది రోజులుగా తలగడ తడిసేలా ఏడ్చిన పిల్లను ఎందుకేడుస్తున్నావని ఒక్కరూ అడగలేదు. ఆమె చెల్లెలు మంగతాయారు నన్ను మంచం కింద నుంచి తీసి రెండు చేతులా పట్టుకుంది.

ముప్పై ఏళ్లు గడిచాయి. మంగతాయారు కూతురు హైమవతి పురిటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. హైమ వాడి వంక చూడదు, నిద్రపోదు, అన్నం ముద్ద చేతిలోనే ఎండిపోతుంది.

"పుట్టింట్లో కూచుని బాలింత కాయం తింటా ఏడుపేంటే? అత్తోరింట్లో అయితే ఈపాటికి బట్టలుతికించేవోరు" అని తల్లి నవ్వించబోయింది. హైమ నవ్వలేదు.

తొమ్మిదో రోజున హైమ నన్ను తీసి కిటికీలో పెట్టింది. మంగతాయారు పరుగున వచ్చి మళ్లీ తలగడ కిందకి తోసింది. మరునాడూ అంతే. మూడోసారి హైమ తల్లి చెయ్యి పట్టుకుంది.

"అది నా దగ్గర వద్దే అమ్మా. నాకు భయమేస్తంది."

"దయ్యాలకేగా? అందుకేగా పెట్టింది!"

"దయ్యాలకి కాదు. నాకు నేనంటేనే భయం."

"నోర్ముయ్. పసిగుడ్డు ముందు అవేం మాటలే?"

నేను మళ్లీ తలగడ కిందకే వెళ్లాను. ఆ పిల్ల దేన్ని చూసి వణుకుతోందో అదే నేను. కదలడం నా చేతిలో లేదన్న సాకు నాకుంది. మనుషులకు అదీ లేదు.

ఆ మధ్యాహ్నం బిడ్డను తూచడానికి నర్సు నాగరత్నం వచ్చింది. తూకం రాసుకుని, హైమ మంచం మీద కూర్చుంది.

"బాబు బాగున్నాడు. నువ్వెలా ఉన్నావమ్మాయ్?"

హైమ నన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది. నాగరత్నం నన్ను తన సంచిలో వేసుకుని మెల్లగా అడిగింది: "చచ్చిపోవాలనిపిస్తందా?"

హైమ తలూపింది.

"బయటికి తెలిస్తే పరువేం కానండీ" అంది మంగతాయారు.

"జొరమొస్తే పరువు పోద్దా పిన్నిగారూ? ఇదీ జబ్బే. కాన్పయ్యాక చాలామందికి వస్తది, మందుంది. ఇయ్యాలే పెద్దాసుపత్రికెళ్దాం. అందాకా పిల్లని ఒంటరిగా వదలద్దు."

మంగతాయారు కూతురి పక్కన కూర్చుంది. "మా అక్కకీ ఇదేనేమో తల్లీ. మేం అడగలేదు" అంది.

హైమ కోలుకోవడానికి నెలలు పట్టింది. ఓ రోజు కొడుకు ముక్కు పట్టుకుని ఆడించిందని, అది చూసి మంగతాయారు వంటింట్లోకి వెళ్లి ఏడ్చిందని విన్నాను. నర్సు తిరిగిచ్చిన నన్ను అప్పటికే వసారాలో పాత ఇనుము గంపలో పడేశారు.

నిన్న పక్కింటి వీరలక్ష్మి వచ్చింది, కోడలికి పురుడు వచ్చిందని. "మీ అడకత్తెర ఓసారి ఇద్దురూ వదినా."

"అదివ్వను. నేనే వస్తాను పద. పిల్లెలా ఉందో దాన్నే అడుగుదాం" అంది మంగతాయారు.

వాళ్ల చెప్పుల చప్పుడు వీధి దాటేదాకా విన్నాను. నన్నెవరూ వెంట తీసుకెళ్లనందుకు మొదటిసారి నా మనసు కుదుటపడింది.