ఏటి నేదు

సుహాసినిది గుంటూరు. కుటుంబ న్యాయస్థానంలో విడాకులు తీసుకున్న మగవాళ్ళ మీద పరిశోధన చేస్తోంది. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముప్పై ఎనిమిది మందిని కలిసి మాటలు రికార్డు చేసుకుంది. మా యాస కొంత అందక, తెలుగు మాస్టారినని నన్ను వెతుక్కుంటూ శ్రీకాకుళంలో మా బడికి వచ్చింది. పేర్లు ఉండవు, నంబర్లే.

పదిహేడో నంబరు నా తమ్ముడు థామస్.

గొంతు వినగానే తెలిసింది. విజయనగరంలో ఫ్యాన్ల మోటార్లు చుట్టేవాడు. మార్చిలో గుండె ఆగి పోయాడు. "తీర్పు తరువాత మీకు ఏమైనా ఇబ్బంది ఉందా?" అని రికార్డులో సుహాసిని అడుగుతోంది. వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. వాడు "ఏటి నేదు" అన్నాడు, ఏమీ లేదని. నేను అక్కడే ఆపేశాను.

ఆమె కాగితంలో ఆ ప్రశ్నకు ఎదురుగా సున్నా ఉంది.

"ఇరవై తొమ్మిది మంది ఇదే మాట అన్నారు మాస్టారూ. మగవాళ్ళకు పెద్ద ఇబ్బంది లేదని వచ్చే వారం రాసివ్వాలి."

తమ్ముడి సంగతి చెప్పాను. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మా వైపు ఇంట్లో మనిషి పోయిన రోజు పలకరించినా ఏటి నేదనే అంటారమ్మా. అది జవాబు కాదు. చెప్పడం ఇష్టం లేదని."

వాదిస్తుందనుకున్నాను. "అయితే నేను అడగడమే తప్పు" అంది. అక్కడే తన ప్రొఫెసరుకు ఫోన్ చేసి గడువు అడిగింది. తప్పు తనదేనని రెండుసార్లు చెప్పింది. నేనింతవరకు ఏ పిల్లాడి ముందూ ఆ మాట అంత తేలికగా అనలేకపోయాను.

ఆదివారం ఇద్దరం కళింగపట్నం వెళ్ళాం. ఆ ఇరవై తొమ్మిది మందిలో ఒకడైన సోములు ఇసుకలో చేపలు ఎండబెడుతున్నాడు.

"మళ్ళీ వచ్చీసినావేటి తల్లీ? మొన్న సెప్పింది సాల్నేదా?"

"సరిగ్గా అడగలేదు బాబూ. పోయిన ఆదివారం ఏం చేశారు?"

"ఇదేటి పెశ్న మేస్టారూ! ఇందుకేటి సదువులు సదివిస్తన్నారు?" అని నవ్వాడు. ఆమె ఇసుకలో కూర్చుంది. సోములు చేపలు తిరగేస్తూనే చెప్పాడు. "మా గుంటడికి సందువా సేపంటే పేణం. ఆళ్ళమ్మ కాడి నుంచొస్తాడని రెండు అట్టేపెట్టినాను. బస్సు కాడికి మూడుసార్లెల్లినాను. ఆడు రానేదు. పక్కింటోలకిచ్చీసినాను."

"కొడుకు రాలేదు కదా, మరి ఇబ్బంది లేదన్నారు?"

"ఏటి నేదనక ఏటంటాను? మగోడు ఏడిస్తే సూసినోలకి నవ్వులాట."

ఎండలో రెండు గంటలు కూర్చుంది. అలా మా తమ్ముడు కాక మిగతా ఇరవై ఎనిమిది మందినీ మళ్ళీ కలిసింది. ఇరవై రెండు సున్నాలు కొట్టేసింది. ఆరుగురికి నిజంగానే ఇబ్బంది లేదట, వాటిని ముట్టుకోలేదు.

పదిహేడో నంబరు మిగిలింది.

"వాడు బాధపడ్డాడమ్మా. నాకు తెలుసు. సున్నా కొట్టేసి, ఇబ్బంది ఉందని రాయి" అన్నాను. వాడి పేరు మీద అబద్ధం మిగలకూడదని నా పట్టుదల.

"మీకు తెలుసు మాస్టారూ. ఆయన చెప్పలేదు కదా. చివరిదాకా విన్నారా?"

వినలేదు. ఆమె వినిపించింది. ఏటి నేదు తరువాత కుర్చీ జరిపిన చప్పుడు. ఆపైన థామస్.

"అమ్మా, ఈ కాయితం మా పాప పెద్దయ్యాక సదువుతాదేటి?"

"చదవొచ్చండీ. ఎందుకు?"

"ఊరికే. ఆళ్ళమ్మ మీద నానేటీ సెప్పనేదని రాసీయండి."

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. సుహాసిని పదిహేడో నంబరు కాగితం ముందుకు లాక్కుంది.

"ఇది అప్పుడు ఏ గడిలోనూ పట్టలేదు. నేనే వదిలేశాను" అంది. సున్నా కొట్టేసింది. దాని చోట మరే అంకె వేయలేదు. పక్కన ఖాళీలో వాడి మాట వాడన్నట్టే రాసి, కాగితం నా వైపు తిప్పింది.

"సెప్పనేదు... చెప్పలేదు అని దిద్దాలా మాస్టారూ?"

ఇరవై ఆరేళ్ళుగా పిల్లల నోటుపుస్తకాల్లో ఆ మాటను ఎర్ర సిరాతో దిద్దుతున్నాను.

"వద్దమ్మా. అలాగే ఉంచు."