గేటు దగ్గర్నుంచి కనిపించిన సాంబారు

నేను ఒక తెలుగు టైపు మిషన్‌ని. ఫ్యాక్టరీ నుంచి తిన్నగా ఒక సర్కారు ఆఫీసుకి వచ్చి, పదిహేనేళ్ళు అక్కడ ఉత్తర్వులు కొట్టాను. కంప్యూటర్లు రాగానే విరిగిన బీరువాలతో పాటు నన్నూ వేలం వేశారు. కనకాచారి కొన్నాడు. అదే ఆఫీసు గోడ బయట, రేకుల పంచలో బల్ల వేసుకుని అర్జీలు రాసే మనిషి. లోపల హుకుములు జారీ చేసిన నేను బయట దణ్ణాలు పెట్టడం మొదలెట్టాను. ఏం చేస్తాం, అలవాటైపోయింది.

ఆచారికి ఒక నియమం ఉంది. ఎవరొస్తే వాళ్ళ నోటితో రాస్తాడు. చెప్పినదాంట్లో ఒక్క ముక్క తియ్యడు, చెప్పనిది ఒక్క ముక్క అడగడు. అదంటే ఆయనకి మహా గర్వం. నాకూ ఉండేది, అబద్ధమెందుకు.

ఒక సోమవారం అప్పలనర్స వచ్చింది. ఆమె కూతురు బడిలో మూడో తరగతి. "మధ్యాహ్నం బడి గేటు దగ్గరికెళ్ళాను ఆచారిగారూ. పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడ్డారు. ఆ వంటమనిషి వరహాలమ్మ గంగాళం సాంబారు మోసుకెళ్ళి కాలవలో పారబోసింది. నా కళ్ళతో చూశాను. నా పిల్ల రెండింటిదాకా ఆకలికి ఏడ్చింది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పసిపిల్లల కూడు పారబోసే మనిషికి వంట పని ఎందుకు? ఆమెని తీసెయ్యాలని రాసిన అర్జీకి చివరి చుక్క కాగితం చిల్లుపడేలా పడింది.

వారం తిరక్కుండా వరహాలమ్మే వచ్చింది, సంజాయిషీ నోటీసు పట్టుకుని. మొగుడు లేడు, ఆ పనే ఆధారం. "సాంబార్లో బల్లి పడింది బాబూ. ఏ పిల్లైనా ఒక్క గరిటె వేసుకుంటుందేమోనని హడిలిపోయి పారబోశాను. మళ్ళీ పప్పు వండి రెండింటికి పెట్టాను. పిల్లలు బెదురుతారని బల్లి మాట ఎవరికీ చెప్పలేదు" అంది.

అదే గంగాళం, అదే కాలవ, అదే రెండింటి వేళ. నాకు సిగ్గేసింది. అలాగని అప్పలనర్స అబద్ధమాడిందీ లేదు. గేటు దగ్గర్నుంచి కాలవ కనిపిస్తుంది గానీ గంగాళంలో ఏం పడిందో కనిపించదు కదా.

"ఆవిడ చెప్పిందంతా అబద్ధమని రాయండి" అంది వరహాలమ్మ. నియమం ప్రకారం ఆచారి అలాగే రాశాడు.

లోపల ఆఫీసరు ముందున్నవి ఆ రెండు కాగితాలే. కళ్ళతో చూశానని ఒకామె అంటోంది, ఆమె అబద్ధాలకోరని రెండో ఆమె అంటోంది. బల్లికి సాక్ష్యం లేదు. వరహాలమ్మని పనిలోంచి తీసేశారు.

ఇక్కడ నేనొకటి చెప్పుకోవాలి. ఆచారి కూర్చునేది ఎత్తు కుర్చీలో. ఆయనకి మొహాలూ కాగితాలూ కనిపిస్తాయి. బల్ల మీదుండే నాకు కనిపించేవి చేతులు. ఆ సంజాయిషీ మీద సంతకం పెట్టడానికి వరహాలమ్మ కొంగు కింద నుంచి కుడిచెయ్యి తీసింది. అరచెయ్యంతా బొబ్బలు. కక్షతో పారబోసేవాళ్ళు మసిగుడ్డ పట్టుకుని తీరిగ్గా పారబోస్తారు. నాకు తెలిసిపోయింది. కానీ ఎవరో ఒకరు వేలు పెట్టి నొక్కితే తప్ప నేను మాట్లాడలేను. అంత బాధ నేనెప్పుడూ పడలేదు.

ఉత్తర్వు చదివించుకోడానికి ఆమె మళ్ళీ వచ్చింది. చదివి కాగితం తిరిగిస్తూ, అందుకోబోయిన చేతిని ఆచారి చూశాడు.

"ఇదేంటమ్మా?"

"ఆ రోజు గుడ్డ వెతుక్కునే టైం లేక గంగాళం ఉత్తచేతుల్తో ఎత్తేశాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదా బాబూ."

ఆచారి కుర్చీలోంచి లేచి, వెళ్ళి ఆమె కూర్చున్న బెంచీ మీదే కూర్చున్నాడు. "పై ఆఫీసరుకి అప్పీలు రాద్దాం. నువ్వెక్కడున్నావు, ఆవిడెక్కడుంది, అన్నీ చెప్పు. నేను అడుగుతాను" అన్నాడు.

అడిగాడు. గంటసేపు అడిగాడు. వచ్చి నాకు కాగితం ఎక్కించి, మొదటి వాక్యం పైకి చదువుతూ కొట్టాడు: "ఫిర్యాదుదారు గేటు వద్ద నుండి చూసినది నిజమే."

వరహాలమ్మ గాభరాపడింది. "అయ్యో, అది కూడా రాస్తారా?"

"అది ఒప్పుకుంటేనే నీ చెయ్యి నమ్ముతారమ్మా."

ఆమె కాలిన అరచేతిని కాసేపు చూసుకుంది. "అయితే రాయండి" అంది.