జలపతి ఇంటికి లేని పిట్టగోడ

కోరుట్ల మెయిన్ రోడ్డు మీద జలపతి పటేలు ఇల్లు ఎక్కడని అడిగితే అప్పట్లో చిన్నపిల్లలు కూడా చూపించేవారు. రెండంతస్తుల మేడ, ముందు నున్నటి గ్రానైటు, గేటుకు ఇటొక సింహం అటొక సింహం. పైన మాత్రం బోడి స్లాబు. మూలల్లో పిల్లర్ల సలాకలు తుప్పు పట్టి నిలబడి ఉండేవి. చుట్టూ పిట్టగోడ లేదు. ఇంత ఇల్లు కట్టినవాడు నడుమెత్తు గోడ కట్టించుకోలేకపోయాడని వచ్చేపోయేవాళ్ళు నవ్వేవారు. ఆ గోడ లేవకుండా ఆపింది మేమే. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి బుచ్చవ్వ, నేను. బస్సు అటుగా పోయినప్పుడల్లా కిటికీలోంచి ఆ బోడి అంచు చూస్తే నా కడుపు చల్లబడేది. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

మా బాపు లచ్చయ్య సుతారి. ఇటుక మీద ఇటుక పేర్చి గోడ లేపడం ఆయన పని, పక్కన నిలబడి సిమెంటు తట్టలు అందించడం మా అవ్వ పని. తాతల నాటి నుంచీ మాకు సెంటు భూమి లేదు. కోరుట్ల పక్కన మా ఊళ్ళో, మా వాడలో ఉన్న చర్చి గోడలన్నీ బాపు చేతివే. బాప్తిస్మం తీసుకున్ననాడు కల్లు మానేశాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో కల్లు కుండ దిగితే చెప్పులేసుకుని ఇంటికి వచ్చేసేవాడు. చుట్టాలు ఎంత ఎగతాళి చేసినా నవ్వి ఊరుకునేవాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు దివాకర్ పిల్లల్ని బాపుకు అప్పజెప్పేవాడు. బాపుకు వాక్యమంతా గోడల్లోంచి, తలుపుల్లోంచే అర్థమయ్యేది. చావుదూత ఇల్లిల్లూ తిరిగిన రాత్రి గొర్రెపిల్ల నెత్తురు పూసిన ద్వారబంధం గురించి చెబుతూ, లోపలివాళ్ళ ప్రాణానికీ బయటి చావుకూ మధ్య ఉన్నది ఆ రెండు కట్టెలేనని చర్చి తలుపు తట్టి చూపించేవాడు. ఆ కాలపు పట్నాలకు గవిని అంటే పెద్ద వాకిలి. పెద్దమనుషులు కూర్చుని అందరి ముందూ న్యాయం తేల్చేది అక్కడే, నాలుగు గోడల మధ్య కాదు అనేవాడు. అయితే అన్నిటికన్నా ఆయనకు పిట్టగోడ మీదే ప్రేమ.

"గా దేశంల ఇండ్లన్నిటికి డాబానే బిడ్డా. పండేది గాడనే, ప్రార్థన జేసేది గాడనే. అందుకే దేవుడు చెప్పిండు, కొత్త ఇల్లు కడితె మీద చుట్టు పిట్టగోడ కట్టు, ఎవలన్న పడి సస్తె గా నెత్తురు నీ ఇంటి మీద ఉంటది అని. గా గోడ ఇంటోని కోసం గాదు. ఎవలో వచ్చేటోని కోసం."

జలపతి ఇల్లు కట్టింది కూడా బాపే. స్లాబు పడింది, లోపల పనంతా అయింది, పిట్టగోడ ఒక్కటే మిగిలింది. గృహప్రవేశానికి ముహూర్తం దగ్గరపడింది. గోడ తర్వాత చూసుకుందామని జలపతి ఇటుకల బండిని వెనక్కి పంపాడు. ముహూర్తం రోజు పైన శామియానా గాలికి లేస్తుంటే, వెళ్ళి అంచున ఉన్న సలాకకు తాడు బిగించమని బాపుకు చెప్పాడు. గోడ లేని అంచుకు పోనన్నాడు బాపు. చుట్టాల ముందు పరువు తీస్తావా అని జలపతి మీద మీదకు వచ్చాడు. బాపు పోయాడు. గాలి శామియానాను లాగింది, శామియానా తాడును లాగింది, తాడు బాపును లాగింది. జగిత్యాల దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

అంత మాత్రమే అయితే మేము ఏడ్చి ఊరుకునేవాళ్ళమేమో. కానీ జలపతి ఆ సాయంత్రం అడిగిన ప్రతివాడికీ ఒకటే చెప్పాడు. "తాగి పడ్డడు." గోడ కట్టించలేదన్న మాట తన మీదికి రాకుండా ఆ రెండు ముక్కలు చాలాయి.

ఆ మాట మా ఊరికి శవం కన్నా ముందే చేరింది. బాప్తిస్మం తీసుకున్నవాడు తాగి చచ్చాడని వాడలో గుసగుసలు మొదలయ్యాయి. జ్ఞాపకార్థ కూడిక చర్చిలో పెట్టడం బాగుండదన్నారు సంఘ పెద్దలు. దివాకర్ మా ఇంటికి వచ్చి, "బుచ్చవ్వా, దేవుని ముందట నిజం చెప్పు" అన్నాడు. మా అవ్వ చర్చికి వెళ్ళి, రొట్టె విరిచే ప్రభువు బల్ల ముందు మోకరించి, తన మొగుడు చుక్క ముట్టలేదని అందరూ వింటుండగా ప్రమాణం చేసింది. పెద్దలు తలలూపారు. కూడిక మాత్రం మా ఇంట్లోనే జరిగింది. ఆయన కట్టిన గోడల మధ్య ఆయన పేరు పలకలేదు.

సుతారి పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు సగంలో వదిలిన పని ఇంకొకరు పట్టాలంటే మొదటి సుతారి ఒప్పుకోవాలి. ఆయన పోతే ఆయన ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. పొద్దున్నే కూలీలు నిలబడే కోరుట్ల అడ్డా మీదికి మా అవ్వ మొగుడు పోయినవాళ్ళు తొడిగే తెల్ల రవికెతో పోయి నిలబడింది.

"జలపతి ఇంటి మీద మిగిలిన పని నా పెనిమిటిది. లచ్చయ్య తాగలేదని వాడు నలుగుట్ల చెప్పేదాంక నేను మాటియ్య. ఎవలన్న గాడ ఇటుక పెడితె లచ్చయ్య రొమ్ము మీద పెట్టినట్టే."

ఎవరూ పెట్టలేదు. జలపతి జగిత్యాల నుంచి మనుషుల్ని పిలిపించాడు. వాళ్ళు టీ తాగడానికి అడ్డాకు వచ్చి, సంగతి విని, అటునుంచి అటే బస్సెక్కారు. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్ళూ అంతే. గోడకు బదులు వెదురు బొంగులు కట్టించుకున్నాడు, కోతులు పీకిపారేశాయి. మా ఇంటికి బియ్యం పంపించాడు, చీర పంపించాడు. అవ్వ గడపలోకి రానివ్వలేదు.

దివాకర్‌కు ఇదంతా నచ్చలేదు. పగ తీర్చడం దేవుని పని అని నాకు చెప్పి చూశాడు. అప్పటికి నేను డిగ్రీ చదివి కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు చెబుతున్నాను. "నెత్తురు ఇంటి మీద ఉంటదని మీ వాక్యమే చెప్పింది కదయ్యగారు. అది అందరికీ కనబడేటట్టు ఉంచుతున్నం, అంతే" అన్నాను. "గా మాట మనుషులు పడకుండ చెప్పింది కళ్యాణీ, పడ్డంక ఏలెత్తి చూపెట్టుమని గాదు" అన్నాడాయన. నాకు అది చెవికెక్కలేదు. ఆ వాక్యం నాకు శాపంలా దొరికింది, దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

నాలుగేళ్ళు గడిచాయి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బళ్ళు మూతపడ్డాయి, రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే ఆటపాటలు. జలపతి మెడలో కండువా పడింది. తన ఇంటి గేటు ముందే దీక్షా శిబిరం వేయించి, మైకు పెట్టించి, రోజూ ఉపన్యాసాలు దంచేవాడు. రోజుకొక రకం పనివాళ్ళు అక్కడ నిరాహార దీక్షకు కూర్చునేవారు. పొద్దున దండలు వేయడం, సాయంత్రం నిమ్మరసం ఇవ్వడం జలపతి సొంత హక్కులా ఉండేది.

సుతారులు, కూలీలు కూర్చునే రోజు వచ్చింది. మా అవ్వ కూడా కూర్చుంది. జలపతి వరసగా వస్తూ ఆమె మెడలోనూ దండ వేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గా దండ ఎట్ల ఏయించుకున్నవే అవ్వా?"

"సుతారోల్లకు ఏసిండు. నాకు గాదు" అంది అవ్వ.

సాయంత్రం ఆడవాళ్ళు రోడ్డు మధ్యన బతుకమ్మలు పెట్టి చుట్టూ ఆడుతున్నారు. అది చూడ్డానికి జలపతి ఇంటి ఆడవాళ్ళంతా స్లాబు మీదికి ఎక్కారు. జలపతి నిమ్మరసం ఇవ్వడానికి ముందు మైకు అందుకున్నాడు. అబద్ధాలు చెప్పి మనల్ని ఇన్నేళ్ళు ఏలారని, అబద్ధం మీద కట్టింది నిలవదని గట్టిగా అరుస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అప్పుడు మా అవ్వ తలెత్తి పైకి చూసింది. నేనూ చూశాను. జలపతి మనుమరాలు అక్షిత, ఇంకా సరిగ్గా నడకైనా కుదరని పిల్ల, పెద్దవాళ్ళకు దూరంగా స్లాబు అంచుకు వచ్చి, కింది పూలను చూడ్డానికి ముందుకు వంగుతోంది. నేను అరవబోయాను. అవ్వ నా నోరు మూసింది.

"ఒర్రకు. అంచు మీదున్నోల్లను పిలిస్తె ఉలిక్కిపడి పడ్తరు."

మెడలోని దండ తీసి నా ఒళ్ళో పడేసి, ఎన్నటికీ అడుగు పెట్టనన్న ఆ గేటు దాటి లోపలికి పోయింది. బాపు కట్టిన మెట్లు ఆమెకు తెలియనివి కావు.

మెల్లగా అందరి చూపులూ పైకి తిరిగాయి. ఆట ఆగింది. జలపతి కూడా చూశాడు. మైకు చేతిలో అలాగే ఉంది. నేను పిల్లను చూడలేదు, అతని ముఖాన్నే చూశాను. బాపు పడిన రోజు మా అవ్వ ముఖం ఎలా ఉందో ఇప్పుడు ఇతని ముఖం అలా ఉంది. పిల్ల పడకూడదు. కానీ ఆ ముఖం అలాగే ఉండాలి, ఇంకాసేపు ఉండాలి అని కోరుకున్నాను.

వెనకనుంచి రెండు చేతులు వచ్చి పిల్ల నడుము పట్టి లాగాయి. ఇద్దరూ మాకు కనబడకుండా పోయారు. వీధంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. జలపతి మెట్ల వైపు పరుగెత్తబోయాడు.

"జలపతీ!"

ఆ ఇంటి ముందు మా వాళ్ళెవరూ పటేలా అనకుండా అతన్ని పిలిచి ఎరగరు. అవ్వ పిల్లను చంకనెత్తుకుని, అంచుకు కాస్త ఎడంగా నిలబడి ఉంది. పిల్ల తల్లి పక్కనే ఏడుస్తోంది, దగ్గరికి రావడానికి భయపడుతోంది.

"ఆడనే ఆగు, మీదికి రాకు. మైకు నీ చేతులనే ఉన్నది. గా దినం లచ్చయ్య తాగిండా?"

"బుచ్చవ్వా, పిల్లను కిందికి తే. ఇంట్ల కూసుండి మాట్లాడుకుందం."

"ఇంట్ల గాదు. గేటు కాడ, గీ మంది ముందట చెప్పు. నీ మనుమరాలు నా సంకల మంచిగనే ఉన్నది. నాకేం తొందర లేదు."

బాపు చెప్పిన గవిని నాకు కళ్ళ ముందే కనబడింది. వాకిలి, ఊరి జనం, సమాధానం చెప్పాల్సిన మనిషి.

"తాగలే" అన్నాడు జలపతి. మైకు నోటికి దూరంగా పట్టుకున్నాడు.

"ఇనపడలే."

"లచ్చయ్య తాగలే! గోడ లేదు, పోనన్నడు. నేనే బలవంతంగ తోలిన. తాగి పడ్డడని నేనే అబద్ధం చెప్పిన."

మైకులో ఆ మాట బస్టాండు దాకా వినిపించింది. మా అవ్వ పిల్లను తల్లి చేతికిచ్చి కిందికి దిగి వచ్చింది. నిమ్మరసం ఆమెకు మొండయ్య తాగించాడు. మొండయ్య మా బాపు జతగాడు.

బస్సులు లేక ఇద్దరం నడిచే ఇంటికి పోతున్నాం. "ఇంక ఎన్నటికీ కట్టనియ్యద్దు అవ్వా. వాని ఇల్లు సచ్చేదాంక బోడిగనే ఉండాలె" అన్నాను. నాకు ఇంకా ఆకలి తీరలేదు.

"మొండయ్యకు చెప్పిన. ఇటుకలు దింపిస్తడు."

"ఎందుకే? వాడు మనకేం పెట్టిండని?"

"గా పిల్ల పడితె నెత్తురు ఎవల మీద ఉండు? గోడ ఆపింది వాడు గాదు, మనం" అంది అవ్వ. నాకు కోపం వచ్చింది. ఆమెను దాటి గబగబా ముందు నడిచాను.

ఆ వారంలోనే గోడ లేచింది. మొండయ్య కట్టాడు, అవ్వ తట్టలు మోసింది. జలపతి పైకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మనసుల ఏం పెట్టుకోకు బుచ్చవ్వా" అన్నాడు.

"గోడకు మాటిచ్చిన. మనసుకు ఇయ్యలే" అని అవ్వ తట్ట నెత్తికెత్తుకుంది.

ఆదివారం చర్చికి పోయాం. అందరికీ సంగతి తెలిసిపోయింది. ఆడవాళ్ళు అవ్వ చేతులు పట్టుకున్నారు. దివాకర్ ఆరాధన ఆపి, లచ్చయ్యన్నకు అన్యాయం జరిగిందని, ఆయన నిర్దోషి అని దేవుడు రుజువు చేశాడని చెప్పాడు. వచ్చే ఆదివారం లచ్చయ్య జ్ఞాపకార్థ కూడిక ఈ చర్చిలోనే, ఆయన కట్టిన గోడల మధ్యనే పెడదామన్నాడు. పెద్దలు ఆమెన్ అన్నారు. నేను గెలిచామనుకుని అవ్వ వైపు చూశాను. ఆమె పాస్టరునూ పెద్దలనూ చూస్తోంది. జలపతి వైపు కూడా ఆమె అంత కోపంగా చూడలేదు.

అవ్వ లేచి నిలబడింది.

"అయ్యగారు, గీ బల్ల ముందట మోకరించి నేను ప్రమాణం జేసి చెప్పిన. మీరు నమ్మలే. వాడు మైకుల ఒక్కపారి చెప్పంగనే నమ్మిన్రు. అబద్ధమాడినోని నోటికున్న ఇజ్జతు నా నోటికి లేకపాయె."

"తప్పయింది బుచ్చవ్వా" అన్నాడు దివాకర్.

"వాడు పరాయోడు. వాన్ని ఏం జెయ్యాల్నో నాకు ఎరుకాయె. మిమ్ముల ఏం జెయ్యాలె?"

అవ్వ కొంగు సర్దుకుని, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. నేను వెనకాలే పోయాను.

తర్వాతి ఆదివారం బాపు కూడికకు చర్చి నిండిపోయిందట, బయట కూడా చాపలు పరిచారట. మేమిద్దరం ఇంట్లో అన్నం వండుకుని తిన్నాం.