కాస్త జరగండి, మెడ తగులుతుంది

నేను ఒక బేస్ గిటార్ని. దాని ముందు ‘ఎడమచేతి’ అనే మాట నేను తగిలించను, ఎలాగూ మీలో ఎవరో ఒకరు తగిలిస్తారు. కుడిచేతి గిటార్ని మాత్రం ఎవరూ కుడిచేతి గిటారు అనరు. దాన్ని ఉత్త గిటారు అంటారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

నాలుగు తీగలు, పొడుగు మెడ, నల్ల ఒళ్లు. పాటలో నన్ను ఎవరూ పనిగట్టుకుని వినరు. నేను ఆగిపోతే మాత్రం పాట బోసిపోతుంది, ఏం తగ్గిందో ఎవరూ చెప్పలేరు. కరెంటు పోయినప్పుడే కదా, ఇంతసేపూ ఇంట్లో ఫ్రిజ్ మోగుతోందని తెలిసేది? అదీ నా ఉద్యోగం.

పుట్టింది ఫ్యాక్టరీలో. కంప్యూటర్లో ఉన్న కుడిచేతి డ్రాయింగుని ఎవరో మిర్రర్ కొట్టారు, మెషీను ఆ గీత వెంటే చెక్క కోసింది. ఇదేం పద్ధతి, ఆడపిల్లవి, ఎడమచెయ్యేంటి, అని ఆ మెషీను ఒక్క మాట అనలేదు. నన్ను చూసి ఏమీ అనని శాల్తీ మళ్లీ నాకు చాన్నాళ్లదాకా తగల్లేదు.

చేసినవాళ్లు సరిగ్గానే చేశారు, పంపినవాళ్లే పొరపాటు పడ్డారు. బెజవాడలో మస్తాన్‌వలి గారి మ్యూజిక్ షాపు ఒక మామూలు బేసు అడిగితే, అట్టపెట్టెలో నన్ను పడుకోబెట్టి పంపారు. పెట్టె విప్పి మస్తాన్‌వలి గారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదేంటి, అద్దంలో చూసినట్టుంది” అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. బోణీ అయ్యేదాకా నన్ను ఎవరికీ చూపించేవాడు కాదు, అంతే. పొద్దున్నే ఎడమచేతి సరుకు ముట్టుకుంటే రోజంతా బేరాలు ఎదురు తిరుగుతాయని ఆయన లెక్క. ఆ చేతికే వాచీ పెట్టుకుంటాడు, ఆ చేత్తోనే స్కూటర్ క్లచ్చు నొక్కుతాడు. అప్పుడు ఏ బేరమూ ఎదురు తిరగదు.

అమ్ముడుపోని సరుకుని ఏం చేస్తారు? మార్చేస్తారు. నా తీగలన్నీ పీకి తిరగేసి కట్టారు. మెడ చివర తీగలు కూర్చునే గాడులుంటాయి. లావు తీగకి వెడల్పు గాడి, సన్న తీగకి సన్న గాడి. ఇప్పుడు సన్న గాడిలోకి లావు తీగ రావాలి. పట్టలేదు. ఆకురాయి పెట్టి రాశారు. పట్టింది. “చూశావా, సరిపోయింది” అన్నారు మస్తాన్‌వలి గారు. రాస్తే ఏదైనా సరిపోతుంది సార్. తగ్గేది మేమే కదా.

అలా కుడిచేతి వేషం వేసుకుని, పెళ్లి రిసెప్షన్లలో వాయించే నాగేంద్ర చేతిలో పడ్డాను. కష్టాలు మొదటి పాటకే మొదలయ్యాయి. సౌండు తగ్గించే బిరడాలు నాకు కింద ఉండాలి. నన్ను తిరగేసి పట్టుకుంటే అవి పైకొచ్చాయి. హుషారొచ్చి నాగేంద్ర చెయ్యి ఊపినప్పుడల్లా మోచెయ్యి తగిలి సౌండు పడిపోయేది. బరువు తేడా కొట్టి నా మెడ కిందికి వాలేది. ఇక నా మెడ అంచున వరసగా తెల్లచుక్కలుంటాయి, వాయించే మనిషి తల వంచి చూస్తే వేలు ఎక్కడ పెట్టాలో చెబుతాయి. తిరగేసేసరికి అవి నేలచూపులు చూస్తున్నాయి. స్టేజీ మీది తివాచీకి దారి చూపించాను, నాగేంద్రకి చూపించలేకపోయాను.

కార్తీకమాసం పెళ్లిళ్లు అవగానే నన్ను తెచ్చి షాపులో పడేశాడు. “శనిగొట్టు గిటారు బాబాయ్ ఇది. దీనికేదో ఉంది.”

ఏదో ఉందన్నది నిజమే. దాని పేరు ఎడమ. కానీ అప్పటికి తీగలు కుడివైపువి కదా, మస్తాన్‌వలి గారే మర్చిపోయారు నేను పుట్టుకతో ఏంటో. మెడకి ‘డిఫెక్ట్ పీసు’ అని చీటీ కట్టి మూల గోడకి తగిలించారు.

అదిగో, అప్పుడొచ్చింది కెజియా.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్ల. కూడా వాళ్ల మావయ్య ప్రభుదాసు. వాళ్ల చర్చిలో ఇన్నేళ్లూ బేసు వాయించింది ఆయనే. ఇప్పుడు వేళ్ల కీళ్లు పట్టేసి, ఆ స్థానం మేనకోడలికి ఇవ్వాలని చూస్తున్నాడు. మట్టల ఆదివారం దగ్గరకొస్తోంది. అందరూ మట్టలు పట్టుకుని పాడుతూ చర్చిలోకి వచ్చే ఆ రోజుకి పిల్ల స్టేజీ ఎక్కాలని ఆయన కోరిక. ఎక్కడమంటే కుడిచేత్తో ఎక్కడం. అది ఆయన షరతు.

ఇంకా బోణీ కాలేదు. మస్తాన్‌వలి గారు తళతళలాడే ఎర్ర బేసు ఒకటి తీసి ఆమె ఒళ్లో పెట్టారు. అది ఉత్త గిటారు. కెజియా దాన్ని అందుకోగానే చేతులు వాటంతటవే తారుమారయ్యాయి.

“అటు కాదే, ఇటు,” అన్నాడు ప్రభుదాసు.

“నాకు అటే వస్తుంది మావయ్యా.”

“వస్తుందిలే. రాయడం మార్చుకోలేదా?”

“మార్చుకోలేదు. బళ్లో మార్చారు. స్కేలు పెట్టి కొట్టి.”

మస్తాన్‌వలి గారు మధ్యలో దూరారు. “తల్లీ, కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఏ చెయ్యైనా ఒకటే. పైగా ఇందులో మెడ మీద నొక్కేది ఎడమచెయ్యే. నీకే లాభం కదా?”

“ఏదైనా ఒకటే అయినప్పుడు, నాకు నచ్చిన వైపుదే ఇవ్వండి అంకుల్.”

ఆయన మాట మార్చి, “ఎడమచేతివి మనూళ్లో ఎక్కడ దొరుకుతాయమ్మా?” అన్నారు. నన్ను మూల గోడకి తగిలించి, నా ఎదుటే!

నేను కేకేయలేను కదా. కేక పెట్టాలన్నా నాకు వైరూ స్పీకరూ కావాలి. తగిలించినచోటే బిగుసుకుని ఉన్నాను. ఎర్రదాన్ని పక్కన పెట్టి కెజియా షాపంతా చూసుకుంటూ మూలదాకా వచ్చింది. నన్ను చూసి ఆగింది. వంగి నా మెడ అంచు చూసింది. ఆ చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది.

“అంకుల్, పట్టుకుంటే దీని చుక్కలు కిందికొస్తాయేంటి?”

“అది డిఫెక్ట్ పీసు. దాని జోలికి పోకు.”

ఆమె నన్ను దింపి, అద్దం ముందు నిలబడి రెండో వైపుకి తిప్పి పట్టుకుంది. బిరడాలు కిందికొచ్చాయి. మెడ వాలకుండా నిలబడింది. చుక్కలు పైకి, ఆమె కళ్లలోకి చూశాయి. నేను పుట్టాక నన్ను సరిగ్గా పట్టుకున్న మొదటి మనిషి ఆమే.

“ఇది డిఫెక్టు కాదు. ఎడమచేతిదే. మీరు తీగలు తిరగేశారు.”

మస్తాన్‌వలి గారికి అప్పుడు గుర్తొచ్చింది. నాలిక్కరుచుకున్నారు. ప్రభుదాసు ముఖం మాడిపోయింది. “చీటీ కట్టిన సరుకు ఎవరైనా కొంటారటే? ఆ ఎర్రది తీసుకో, బంగారంలా ఉంది. ఎడమచేతిది కొన్నావంటే రేపు చర్చిలో నా బేసు వాయించలేవు, ఎక్కడికెళ్లినా ఇంకొకరిది వాయించలేవు.”

“తెలుసు.”

“మరి?”

“పెన్ను ఒక్కటి బళ్లోవాళ్ల కోసం కుడిచేతికి ఇచ్చేశాను మావయ్యా. ఇది ఇవ్వను.”

కెజియా డబ్బు తీసి చాపింది, ఎడమచేత్తో. మస్తాన్‌వలి గారి చెయ్యి గాల్లో ఆగింది. “బోణీ బేరం తల్లీ... ఆ చెయ్యి...”

“వద్దంటే పక్క షాపుకెళ్తాను.”

తీసుకున్నారు. బోణీ నాతోనే అయ్యింది. ఆ రోజు ఆయన బేరాలు ఏమయ్యాయో నాకు తెలీదు. షాపైతే ఇప్పటికీ తెరిచే ఉంది.

ఇంటికెళ్లాక కెజియా నా తీగలు విప్పి మళ్లీ నావైపుకే కట్టింది. లావు తీగ తన పాత గాడిలో హాయిగా కూర్చుంది. సన్న తీగ గాడి మాత్రం ఆకురాయి తిని వెడల్పైపోయింది కదా, తీగ అందులో జీడిపప్పు డబ్బాలో ఒంటి గింజలా గలగలమంది. వంటింట్లోంచి చిటికెడు తినేసోడా తెచ్చి గాడిలో నింపి, పైన ఫెవిక్విక్ చుక్క వేసింది. రాయిలా గట్టిపడింది. అప్పుడు సన్నటి కొత్త గాడి తీసింది. “సోడా డబ్బా ఎక్కడే? బజ్జీల పిండి కలిపాను!” అని వాళ్లమ్మ కేక. ఇప్పటికీ ఆ గాడి తెల్లగా, మచ్చలా కనిపిస్తుంది. దాన్ని దాచుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ప్రభుదాసు అలిగాడు. కానీ అలిగిన మావయ్యలు సాయంత్రం టీకి వస్తారు. వచ్చి, మేనకోడలి సాధన వింటూ కాళ్లతో తాళం వేసేవాడు, ముఖం మాత్రం గోడవైపు. ఒకరోజు బజ్జీ కొరుకుతూ, “వేళ్లు బాగానే ఆడుతున్నాయి. ఇందులో సగం కష్టం కుడివైపు పెట్టుంటే ఈపాటికి స్టేజీ మీదుండేదానివి” అన్నాడు.

కెజియా నన్ను తీసి ఆయన ఒళ్లో పెట్టింది, నా పద్ధతిలో. “ఒక్క లైను వాయించు మావయ్యా. నీకు నిద్రలో కూడా వచ్చే పాటే.”

ఆయన నవ్వుతూ మొదలుపెట్టాడు. తాళం తెలుసు, స్వరం తెలుసు, పాట గుండెల్లో ఉంది. చేతులకి మాత్రం చేరట్లేదు. ఒక వేలు వెళ్తే ఇంకోటి రాదు. నవ్వు పోయింది. చెమట పట్టింది. “ఇదేంటే,” అన్నాడు చివరికి, “నా చేతులు నావి కాకుండా పోయాయి.”

“బళ్లో ఉన్నన్నాళ్లూ నాకు అంతే.”

ఆయన నన్ను జాగ్రత్తగా మంచం మీద పెట్టాడు. లేచి చెప్పులేసుకుంటూ, “అయినా స్టేజీ చిన్నది. మెడ అటు తిరిగితే కీబోర్డు వాయించే ఏసుబాబు చెవిలో పొడుస్తుంది. నీ ఒక్కదాని కోసం అందరూ జరగాలా?” అన్నాడు.

“జరగాలి,” అంది కెజియా.

మట్టల ఆదివారం వచ్చింది. కుడిచేతి షరతు మాట ప్రభుదాసు మళ్లీ ఎత్తలేదు, ఒప్పుకున్నాననీ అనలేదు. చర్చిలో బేసు వాయించే చోటు ఎప్పుడూ గోడ పక్కన మూలే. ప్రభుదాసు మెడ గోడవైపుండేది, ఎవరికీ అడ్డం లేదు. కెజియా అక్కడ నిలబడగానే నా మెడ అటు తిరిగి నిజంగానే ఏసుబాబు చెవి దగ్గరకి వెళ్లింది.

“అమ్మాయ్, నన్ను పొడిచేస్తున్నావ్! దాన్ని తిప్పి పట్టుకో,” అన్నాడు ఏసుబాబు.

“తిప్పను బాబాయ్.”

బయట మట్టల చప్పుడు, పిల్లల పాట దగ్గరకొస్తున్నాయి. డ్రమ్ముల మీద కర్రలు ఆగాయి. అందరూ కెజియాని చూస్తున్నారు. నన్ను పట్టుకున్న చెయ్యి పట్టు వదల్లేదు. మొదటి వరసలో కూర్చున్న ప్రభుదాసు లేచాడు. ఇంకేముంది, నన్ను లాక్కుంటాడు అనుకున్నాను. స్టేజీ ఎక్కాడు. కీబోర్డు స్టాండు రెండు కాళ్లూ పట్టుకున్నాడు.

“ఏసుబాబూ, ఆ కొస పట్టు.”

“ఎందుకన్నా? ఒక్క పిల్ల కోసం ఇప్పుడు ఇవన్నీ...”

“మెడ తగులుతుందిరా. జరుగు.”

ఏసుబాబు గొణుక్కుంటూ జరిగాడు. డ్రమ్ములు జరిగాయి. మైకులు జరిగాయి. గోడ పక్క మూల కీబోర్డుకి పోయింది, కిటికీ పక్క కొస మాకొచ్చింది. నా మెడ కిటికీలోకి చూసింది, ఎవరి చెవీ అడ్డం లేదు. మట్టలు గుమ్మం దాటి లోపలికొచ్చేసరికి కెజియా మొదటి స్వరం కొట్టింది. అందరి కాళ్ల కింద నేల అదిరింది.

అంతటితో అంతా మారిపోయిందనుకోకండి. ఎన్నో ఏళ్ల బరువుకి స్టేజీ మీది కార్పెట్‌లో కీబోర్డు స్టాండు గుర్తులు లోతుగా పడ్డాయి. శనివారం ఊడ్చేవాళ్లు సర్దేటప్పుడు స్టాండుని సరిగ్గా ఆ పాత గుర్తుల మీదే పెడతారు. వాళ్ల తప్పేం లేదు, గుర్తులు అక్కడున్నాయి కదా. ఆదివారం కెజియా అందరికన్నా ముందొచ్చి, నన్ను కుర్చీకి ఆనించి, స్టాండుని పక్కకి జరుపుతుంది. కొన్నిసార్లు రెండో కొస ప్రభుదాసు పడతాడు. కొన్నిసార్లు ఎవరూ పట్టరు, ఆమే ఈడుస్తుంది.

కార్పెట్ మీద ఇప్పుడిప్పుడే కొత్త గుర్తులు పడుతున్నాయి. పాతవి ఇంకా చెరగలేదు. చెరగకపోతే మానె, నాకేం తొందర లేదు. నాది గట్టి చెక్క.