ఒకేసారి రెండు కుళాయిలు

"కుళాయి కట్టెయ్!"

మేడ మీద స్నానాల గదిలోంచి మా ఆయన క్లైవ్ కేక. కట్టేశాను. చేతిలోని మూకుడుకు వేపుడు మాంసం కొవ్వు ఇంకా అంటుకునే ఉంది. చన్నీళ్ల కుళాయి తిప్పాను. చన్నీళ్లు తగలగానే కొవ్వు మైనంలా గడ్డకట్టుకుపోయింది. గోటితో గీక్కుంటూ కూర్చున్నాను. ఇది ఏ ఒక్కనాటి సంగతో కాదు. పంతొమ్మిదేళ్లుగా మా ఇంట్లో సాయంత్రం భోజనం అయ్యాక క్లైవ్ స్నానానికి వెళ్తాడు, నేను అంట్ల దగ్గరికి వెళ్తాను. మా బాయిలర్‌కి ట్యాంకు లేదు. వంటింటి గోడకి అలమరలా వేలాడుతూ ఉంటుంది. కుళాయి తిప్పినప్పుడే మంట అంటుకుని అప్పటికప్పుడు నీళ్లు కాస్తుంది, చలికాలం ఇంట్లో రేడియేటర్లనూ అదే వెచ్చబెడుతుంది. కాంబీ అంటారు. మాది మరీ చిన్నది. కింద నేను వేడినీళ్లు తిప్పానంటే పైన ఆయనగారి మీద పడే ధార చల్లబడిపోతుంది. అప్పుడు కేక వస్తుంది. అది కొన్ననాడు నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో కూడా నాకు తెలియదు. ఇంట్లో వేడినీళ్లు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది బాయిలర్ తేల్చే విషయమని నేననుకోలేదు. అదెప్పుడో తేలిపోయిందనుకున్నాను.

ఆరేళ్ల కిందట మా అత్తగారు వినీ మా దగ్గరికి వచ్చింది. తుంటి ఎముక విరిగింది, ఆ వెనకే మతిమరుపు మొదలైంది. అప్పటికి నేను కళ్లద్దాల దుకాణంలో పనిచేసేదాన్ని. వచ్చినవాళ్లకి ముక్కు మీద ఫ్రేము ఎలా కూర్చుందో చూసి, కాడలు వేడిచేసి వంచి సరిచేయడం నా పని. అందులో నాకు మంచి పేరుంది. కీత్లీ ఊరి చుట్టుపక్కల వాళ్లు నన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. "అమ్మని ఎవరో ఒకరు చూసుకోవాలి కదా లొరైన్," అన్నాడు క్లైవ్. ఎవరో ఒకరు అంటే ఎవరో ఇద్దరికీ తెలుసు. "నీదేమంత పెద్ద ఉద్యోగమని? అద్దాలు తుడవడమేగా," అని నవ్వాడు కూడా. క్లైవ్ అప్పట్లో కౌన్సిల్‌లో కట్టడాల తనిఖీ అధికారి. ఇప్పుడు రిటైరయ్యాడు, తనిఖీ మాత్రం మానలేదు.

వినీ నన్నేమీ ముద్దు చేసిన అత్తగారు కాదు. పెళ్లయిన కొత్తలో ఆదివారం భోజనానికి వస్తే చేతిరుమాలుతో నా కిటికీ గట్టు తుడిచి చూసేది. "మా క్లైవ్‌కి గ్రేవీ చిక్కగా ఉండాలమ్మాయ్, ఇది టీలా ఉంది," అనేది. నాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి, "కొందరికి నిలవదు," అని ఒక్క మాట అంది. ఆ మాట ముప్పై ఏళ్లు నాలోనే ఉంది. అలాంటి మనిషిని రోజూ పొద్దున్నే షవర్ కింద కుర్చీలో కూర్చోబెట్టి నేనే స్నానం చేయించేదాన్ని. సరిగ్గా ఆ వేళకే క్లైవ్‌కి కారు కడగాలని బుద్ధి పుట్టేది. కింద బకెట్‌లోకి వేడినీళ్లు తిప్పేవాడు. పైన ఆవిడ నెత్తిన చన్నీళ్లు పడేవి. చిన్నపిల్లలా కెవ్వుమనేది. "క్లైవ్! కట్టెయ్!" అని నేనూ అరిచేదాన్ని. "ఒక్క నిమిషం, బకెట్ నిండనీ!" అని కిందనుంచి వినబడేది. ఆవిడ తడి ఒంటిని నా ఛాతీకి ఆనించుకుని, ఆ బకెట్ నిండేదాకా ఇద్దరం వణుకుతూ ఉండేవాళ్లం.

నవంబర్ రెండో వారంలో బాయిలర్ చచ్చిపోయింది. బాగుచేసే హారూన్ వచ్చి మూత విప్పి, లోపలికి టార్చి వేసి చూసి తల అడ్డంగా ఊపాడు. యాభై ఏళ్ల మనిషి. మా వీధిలో సగం ఇళ్ల బాయిలర్లు అతని చేతిలోనివే. "దీనికి నూకలు చెల్లాయి తల్లీ. లోపల బీట వారింది. ఈ రకానికి సామాన్లు తయారుచేయడం కూడా మానేశారు. ఎల్లుండికల్లా కొత్తది పెట్టేస్తాను, చెప్పండి, ఎలాంటిది కావాలి?"

ఎలాంటిది కావాలి. నన్నడిగాడు. నేను టవలుకు చేతులు తుడుచుకుంటూ, "రెండు కుళాయిలు ఒకేసారి తిప్పినా వేడినీళ్లు వచ్చేది ఉంటుందా?" అన్నాను.

"ఎందుకుండదు? మీది ఇరవై నాలుగు కిలోవాట్లది. ముప్పై అయిదుది పెడితే సరి. అదే గోడ మీద, అదే చోట పడుతుంది."

ఆ సాయంత్రం క్లైవ్ గట్టిగా నవ్వాడు. "ఒకేసారి రెండు కుళాయిలెందుకు? ఎవరికి అవసరం? ఇన్నేళ్లలో ఎప్పుడైనా ఇబ్బంది పడ్డామా?"

ఆ "పడ్డామా" అన్న మాటలో నేనెక్కడున్నానో వెతుక్కున్నాను.

"ముందు నువ్వు తొందరపడకు. తొందరపడేవాళ్లనే ఈ బాయిలర్ వాళ్లు ముంచుతారు. ముగ్గురిని పిలిచి చూపిద్దాం," అన్నాడు. ఒక ఫైలు తెరిచాడు. గీతలు కొట్టి గళ్లు గీశాడు. ఏ కంపెనీది ఎన్నేళ్లు మన్నుతుంది, చప్పుడెంత, గ్యాసెంత తాగుతుంది, ఎవరెవరు ఏమన్నారు, అన్నీ రంగు పెన్నులతో. కొలతలకి వచ్చినవాళ్లలో ఒకడు గుమ్మంలో నన్ను చూసి, "ఇంటాయన ఉన్నారా? ఆయనుండగా మాట్లాడుకుందాం," అని మళ్లీ నాలుగు రోజులకి గాని రాలేదు. ఆ ఫైలు లావెక్కుతూ మూడు వారాలు గడిచాయి. కిటికీ అద్దాలకి లోపలివైపు నుంచి మంచు పట్టింది. క్లైవ్ ఈత కొలనుకి పోయి అక్కడే స్నానం చేసి తల దువ్వుకుని వచ్చేవాడు. "అలవాటైతే చలేం చేస్తుంది? మా చిన్నప్పుడు ఇవన్నీ ఉన్నాయా?" అనేవాడు.

నేను కెటిల్ మీద కెటిల్ కాచి, పెద్ద గిన్నెలో కలిపి, చిన్న కరెంటు హీటర్ ముందు వినీకి ఒళ్లు తుడిచేదాన్ని. చెయ్యి తుడిచి కప్పి, కాలు తుడిచి కప్పి. ఒళ్లంతా ఒకేసారి తెరిస్తే తట్టుకోలేదు. ఒకరోజు ఆవిడ ఉన్నట్టుండి నా చేతులు పట్టుకుంది. వేళ్ల కణుపులు ఎర్రగా చిట్లి ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసింది. అంతకు ముందు రెండేళ్లుగా నన్ను తన చెల్లెలనో, నర్సనో అనుకుంటూ ఉండేది. ఆ రోజు మాత్రం, "లొరైన్," అంది.

"ఏంటమ్మా?"

"నావీ ఇలాగే ఉండేవి." కాసేపు ఊపిరి తీసుకుంది. "శుక్రవారం శుక్రవారం పొయ్యి ముందు రేకు తొట్టి పెట్టేవాళ్లం. నీళ్లు మోసి కాచేది నేను. ముందు మా మామగారు దిగేవాడు. తర్వాత మా ఆయన. తర్వాత మరిది. పిల్లలు. ఆఖర్న నేను. అప్పటికి నీళ్లు బూడిద రంగులో చల్లగా ఉండేవి. పైన తెట్టు. అందులోనే దిగేదాన్ని."

"ఒక్కసారైనా ముందు దిగి ఉండాల్సిందమ్మా."

"దిగొచ్చని తెలిస్తేగా?" చిన్నగా నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎటో పోయింది. "క్లైవ్‌కి ఏడేళ్లప్పుడు అడిగాడు, అమ్మా, నువ్వెందుకు ఆఖర్న, అని. అమ్మలకి వేడక్కర్లేదురా, అన్నాను. నేనే చెప్పాను వాడికి. నా నోటితో నేనే చెప్పాను."

టవలు నీళ్లలో ముంచి పిండి, ఆవిడ వీపు మీద పెట్టి అలాగే ఉంచాను. ఆవిడ కళ్లు మూసుకుంది. "హాయిగా ఉందమ్మాయ్," అంది. ముప్పై ఏడేళ్లలో నా చేతి పనిని ఆవిడ మెచ్చుకున్నది అదొక్కసారే.

ఆ వారమే దగ్గు పట్టుకుంది. మూడో రోజుకి ఆయాసం. ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. "ఎనభై ఏడేళ్లు కదా, ఊపిరితిత్తులు తట్టుకోలేవు," అన్నాడు డాక్టరు. చలి వల్లనని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏ జవాబు వచ్చినా దానితోనే నేను బతకాలి. ఆఖరి పొద్దున ఆ వెచ్చని వార్డులో ఆవిడ పాదాలు పట్టుకు చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి. అంత వెచ్చగా అవి మా ఇంట్లో ఉండి ఎన్నాళ్లయిందో.

క్లైవ్ ఏడ్చాడు. లేదని నేను చెప్పను. అంత్యక్రియలయ్యాక చాపెల్ హాల్లో వచ్చినవాళ్లకి హామ్ సాండ్‌విచ్‌లు పంచేటప్పుడు మామూలుగానే ఉన్నాడు గాని, ఇంటికొచ్చాక ఆవిడ కుర్చీలో కూర్చుని ఆవిడ ఊలు కోటు మొహానికి అదుముకుని, భుజాలు ఎగిసెగిసిపడేలా ఏడ్చాడు. వెళ్లి తల నిమిరాను. అతని జుట్టు చల్లగా ఉంది, ఇల్లంతా చల్లగానే ఉంది. నాకూ ఏడుపొచ్చింది. కాని ఆ ఏడుపు అతనితో కలిసి ఏడ్చేది కాదని ఎందుకో తెలుస్తూనే ఉంది. పక్కగదిలో ఖాళీ మంచం. పొద్దున్నే లేచి ఎవరి కోసం కెటిల్ పెట్టాలి? నన్ను ఒకప్పుడు చురచురా చూసిన ఆ కళ్లే, ఈ ఇంట్లో నా చేతుల్ని చూసిన కళ్లు కూడా. ఆవిడ లేకపోతే ఈ ఇంట్లో నాకు తోడెవరూ లేరని ఆవిడని పూడ్చి వచ్చాక గాని నాకు తెలియలేదు.

రెండు రోజుల తర్వాత కళ్లు తుడుచుకుని క్లైవ్ మళ్లీ ఫైలు తీశాడు. "ఒకందుకు తేలికైంది లొరైన్," అన్నాడు, నిజంగా నాకు ఊరట కలిగించాలనే. "ఇప్పుడు ఇద్దరమే కదా. పెద్దదెందుకు? పాతదాని సైజే చాలు."

నేను టీ పోస్తున్నాను. ఒక చుక్క కూడా ఒలకలేదు. ఆ మధ్యాహ్నం వాకిట్లోకి వెళ్లి సముద్రం ఒడ్డున మోర్‌కాంబ్ ఊళ్లో ఉండే మా అక్క పాలీన్‌కి ఫోన్ చేశాను. నేను పనిచేసిన కళ్లద్దాల దుకాణానికీ చేశాను. వాళ్ల మోర్‌కాంబ్ కొట్లో మనిషి కావాలట.

మర్నాడు హారూన్ వచ్చాడు. వంటింటి బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. క్లైవ్ ఫైలు తెరిచి పావుగంట చదివి వినిపించాడు. హారూన్ ఓపిగ్గా విన్నాడు. పోయినావిడ గురించి నన్ను చూసి మెల్లగా, "చాలా బాధగా ఉంది తల్లీ. పెద్దావిడ నన్నెప్పుడూ పోస్ట్‌మాన్ అనుకునేవారు," అన్నాడు. నాకు నవ్వొచ్చింది, కళ్లు నిండాయి. తర్వాత అతను కాగితం తీసి పెన్ను నొక్కాడు.

"సైజు తేల్చాలంటే ఒక సంగతి రాసుకోవాలి. ఇంట్లో వేడినీళ్లు వాడేది ఎంతమంది?"

"ఇద్దరం," అన్నాడు క్లైవ్.

"ఒక్కరు," అన్నాను.

క్లైవ్ నావైపు జాలిగా చూశాడు. దుఃఖంలో లెక్క తప్పాననుకున్నాడు. "అమ్మ పోయింది లొరైన్. అమ్మని తీసేశాకే ఇద్దరం."

"అమ్మని తీసేశాకే చెబుతున్నాను," అన్నాను. హారూన్ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. "రాయండి, ఫరవాలేదు. చిన్నదే పెట్టండి. ఆయనొక్కడికి చాలు."