గట్టు దాటని కాకి

కాకి రాలేదు.

రాతికట్ట మీద విస్తరి పెట్టి చాలాసేపయింది. రాగిసంగటి, ఊర్బిండి పచ్చడి, వంకాయ పులుసు చల్లారిపోతున్నాయి. చుట్టాలంతా ఆకాశం వైపు చూస్తున్నారు. మునిచంద్ర మాత్రం రోడ్డు వైపు చూస్తున్నాడు. అక్కడ కారులో తిరుపతి ప్లాట్ల వ్యాపారి కాచుకుని ఉన్నాడు. తండ్రి కర్మాంత్రం ముగియగానే మునిచంద్ర ఈ చేను అమ్మే అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలి.

తండ్రి హవల్దార్ మునిరామయ్య డెబ్బై ఒకటి యుద్ధం నుంచి తిరిగొచ్చాక సర్కారు ఇచ్చిన చేను అది. అప్పుడు అందులో మన్ను కంటే రాళ్లే ఎక్కువ. "శత్రువు కూడా నామీద ఇన్ని రాళ్లు వెయ్యలేదే" అని నవ్వి గడ్డపార పట్టాడు. ఏరిన రాళ్లతోనే గట్టు మీద నడుమెత్తు కట్ట కట్టాడు. తొంభైకి దగ్గరపడ్డాక కూడా ఈ ఏడు చెనిక్కాయ విత్తనం వేయించి, మొలక చూసి మరీ పోయాడు.

"రమ్ము పెట్టలేదు గదా, అందుకే రాలా" అంది మునిచంద్ర అక్క జయంతి. మిలిటరీ క్యాంటీన్ సీసా తెచ్చి గ్లాసులో పోసింది. గట్టుకు అవతల వేపచెట్టు మీద కాకులు వరసగా కూర్చుని అంతా గమనిస్తున్నాయి. ఒక్కటీ కదల్లేదు.

"నీళ్లు కలిపినావా ఏంది? మంచుకొండల్లో కూడా కలపలేదంట ఆయప్ప" అన్నాడు పక్క చేను కృష్ణమూర్తి. అందరూ నవ్వారు. అతను తల గోక్కున్నాడు. "అయినా వదినా, ఈడ కాకి..."

"నువ్వు కాఫీ తాగప్పా, సల్లారిపోతాది" అంటూ మునిరామయ్య భార్య తిరుమలమ్మ అతని చేతిలో గ్లాసు పెట్టింది. కొడుకు వైపు తిరిగింది. "మీ నాయన మనసులో యాదో ఉండాది. అందుకే ముట్టలా."

మొలకెత్తిన చేను అమ్మొద్దని ఆమె వారం రోజులుగా చెబుతోంది. మునిచంద్ర వినలేదు.

చుట్టాల చూపులు కారు మీదికి పోయి, అతని మీదికి వచ్చాయి.

"ఏందక్కా అట్ల సూస్తావు? నువ్వూ సరే అన్నావు గదా."

"అప్పుడు కాకిని అడగలేదు" అంది జయంతి.

మునిచంద్రకు ఊరి నోరు తెలుసు. కొడుకు వల్ల హవల్దారు ఆత్మ శాంతించలేదన్న మాట సాయంత్రానికి పుత్తూరు దాకా పోతుంది. ఫోను తీశాడు.

"స్పీకర్ పెట్టు. మీ నాయనకు చెవుడు" అంది తిరుమలమ్మ.

"సార్, చేను అమ్మడం లేదు. నాయన మీద ఒట్టు."

అవతలి నుంచి వచ్చిన జవాబు కర్మాంత్రంలో వినదగ్గది కాదు. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

అయినా కాకి రాలేదు.

"ఇంకేం కావాలంట ఆయప్పకు?" అన్నాడు మునిచంద్ర.

తిరుమలమ్మ విస్తరి ఎత్తుకుని కట్ట చివర్న గట్టు దాటి కృష్ణమూర్తి చేలో పెట్టింది. ఆమె తిరిగి ఇవతలికి వచ్చేలోపే కాకులు వాలాయి.

కృష్ణమూర్తి కాఫీ గ్లాసు దించాడు.

"ఇందాక అదే చెప్పబోయినా. యాబై ఏండ్లు మీ నాయన ఈ కట్ట చాటున కూచుని వడిసెలతో కాకుల్ని కొట్టినాడు. వాటి తాతల కాలం నుంచి అవి ఈ గట్టు దాటవు."

"అమ్మా, తెలిసే చేసినావా?"

"కాలు పెట్టేముందు నేల సూసుకోవాలని మీ నాయన ఎన్నిసార్లు సెప్పినాడు? నువ్వు ఇన్లేదు, నేను ఇన్నాను. దా, సంగటి తిను."

అంతలో ఒక దొంగ కాకి ధైర్యం చేసి గట్టు మీదికి ఎగిరి, మొలకల వైపు మెడ చాచింది. తిరుమలమ్మ రాళ్ల సందులోంచి వడిసెల తీసి గులకరాయి పెట్టింది.

"అమ్మా, ఆగు. అది నాయనేమో" అంది జయంతి.

తిరుమలమ్మ గురి చూస్తూనే అంది:

"మీ నాయనైతే ఈ పక్కకు రాడు. ఆయప్పకు తెలీదా ఏంది?"